బ్రాంట్‌ఫర్డ్‌లో జోసెఫ్ బ్రాంట్ జాడలు

కెనడాలో మేముండే మిస్సిసాగా నుంచి బ్రాంట్‌ఫర్డ్‌కి కారులో గంటే అయినా, ఆ ఊరి పేరులోని బ్రాంట్ ఎవరో మేం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఆయన మొహాక్ అనే ఆదివాసీ జాతి యుద్ధ నాయకుడు జోసెఫ్ బ్రాంట్. సొంత భాషలో పేరు థాయెండనేగియా.

ముందు బర్లింగ్టన్ మ్యూజియంకి వెళ్లాం. 1807లో ఆయన చనిపోయింది ఆ ఊళ్లోనే, కానీ ఇప్పుడున్నది ఆయన ఇంటికి నమూనాగా 1930లలో కట్టింది. పిల్లలకు బాగుంటుంది. టైమ్ తక్కువుంటే వదిలేయండి.

అసలు చూడాల్సింది బ్రాంట్‌ఫర్డ్‌లోని మొహాక్ చాపెల్. 1785 నాటి తెల్లటి చెక్క చర్చి, చిన్నది. లోపల రంగుటద్దాల కిటికీల్లో ఆరు జాతుల (మొహాక్‌లతో సహా ఆరు ఆదివాసీ జాతుల కూటమి) కథ ఉంది. పక్కనే ఇనుప కంచెలో బ్రాంట్ సమాధి. 1850లో ఆయన అస్థికల్ని బర్లింగ్టన్ నుంచి భుజాల మీద మోసుకొచ్చారట. అక్కడే చాలాసేపు నిలబడిపోయాం.

అమెరికన్ విప్లవంలో ఈయన బ్రిటిష్ వైపు. 1777లో ఒరిస్కనీ దగ్గర పోరాడితే, అవతలి పక్షాన ఆ ఆరు జాతుల్లోనే ఒకరైన ఒనైడాలున్నారు. ఆరు జాతుల కూటమి కాస్తా దాయాదుల పోరైంది. తీరా యుద్ధం ముగించిన 1783 ఒప్పందంలో బ్రిటన్ వీళ్ల ఊసే ఎత్తలేదు. మరుసటేడు బ్రిటిష్ గవర్నర్ హాల్డిమాండ్ ఈ ఆరు జాతులకు గ్రాండ్ నదికి రెండు పక్కలా ఆరేసి మైళ్ల భూమి రాసిచ్చాడు. అందులో ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది 5 శాతం లోపే. కొంత అమ్మింది బ్రాంటే. నల్లజాతి బానిసల్ని కూడా ఉంచుకున్నాడు. అందుకే పూర్తిగా హీరో అనలేకపోయాను.

విక్టోరియా పార్కులో 1886 నాటి కంచు విగ్రహముంది. ఆ భూమి మీద బ్రాంట్ పూర్తి హక్కు అడిగితే నసిగిన బ్రిటిష్ సర్కారు, విగ్రహం పోతకు మాత్రం ఫిరంగులిచ్చింది!

చాపెల్ దగ్గర్లోనే మొహాక్ ఇన్‌స్టిట్యూట్. ఆదివాసీ పిల్లల్ని ఇళ్లకు దూరం చేసి 1970 దాకా నడిపిన రెసిడెన్షియల్ స్కూల్. మరీ చిన్నపిల్లలతో వెళ్లకండి, మనసు పాడవుతుంది. ఈ రెండింటికీ టైమింగ్స్ ముందే కనుక్కోండి.

బస దగ్గరే దెబ్బతిన్నాం. హైవే పక్క హోటల్లో ఏసీ రాత్రంతా లొడలొడ. రూమ్ మార్చమంటే ఖాళీల్లేవన్నారు, పార్కింగ్ చూస్తే సగం ఖాళీ. మీరైతే పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరండి.

తిరుగు దారిలో ఆరు జాతుల రిజర్వ్‌ (వాళ్లకు కేటాయించిన ప్రాంతం)లోని ఓష్వెకెన్ ఊళ్లో ఆగి మొక్కజొన్న సూప్ తాగాం. గింజలు ఉడికించిన జొన్నల్లా పంటికి తగులుతాయి. మామూలుగా అందులో పంది మాంసం వేస్తారు, శాకాహారులు అడిగి తీసుకోండి. మా ఆవిడ వేయించిన రొట్టెతోనే సరిపెట్టుకుంది.