షెంగెన్ వీసా సెంటర్‌లో ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. రెండు కోసింది కౌంటర్‌లో కూర్చునే పిల్లల వల్ల కాదు, వాళ్లచేత అమ్మిస్తున్న వాటి వల్ల.

షెంగెన్ వీసా అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనికొచ్చే ఒకే వీసా. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఈ సెంటర్ వీసా ఇవ్వదు. మనం వెళ్లే దేశపు ఆఫీసు, అంటే కాన్సులేట్ తరఫున కాగితాలు, వేలిముద్రలు తీసుకుని అక్కడికి పంపుతుంది, పాస్‌పోర్టు తిరిగొచ్చాక మనకి అందిస్తుంది. వీసా ఇచ్చేదీ ఇవ్వనిదీ కాన్సులేట్‌లో ఫైలు చూసే అధికారే. అయినా నా ముందు నిలబడ్డ పెద్దాయన "వస్తుందంటావా అమ్మా?" అని కౌంటర్ అమ్మాయిని రెండు మూడుసార్లు అడిగాడు. ఆ పిల్లకి మాత్రం ఏం తెలుస్తుంది!

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. ఆఖరికి 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఇంకా పరిశీలించాల్సి వస్తే 45 దాకా పట్టొచ్చు. వేసవి ముందు స్లాట్ దొరకడమే గగనం. మేం రెండు దేశాలు పెట్టుకున్నాం కాబట్టి ఎక్కడ స్లాట్ ఉంటే అక్కడే అప్లై చేసేద్దామన్నారు మావారు. అలా కుదరదు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే చేయాలి, రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. ఇక స్లాట్ ఇప్పిస్తామని డబ్బులడిగే ఏజెంట్ల ఫోన్లు ఎత్తడం మానేశాను.

లోపల పని చకచకా అయింది. మావారి వేళ్లు బాగా పొడిబారిపోయి ఉంటాయి, ముద్రలు ఒక పట్టాన పడలేదు. అక్కడున్న అబ్బాయి విసుక్కోకుండా, వేళ్లు తుడిపించి, మెల్లగా నొక్కమని చెప్పి మళ్లీ మళ్లీ తీశాడు. ఒక స్టార్ అచ్చంగా అతనిదే. ఈ ముద్రలు 59 నెలల పాటు షెంగెన్ దేశాల రికార్డులో ఉంటాయి కాబట్టి ఆలోపు మళ్లీ అప్లై చేస్తే సాధారణంగా పాతవే వాడుకుంటారు.

ఇక అమ్మకాల సంగతి. వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 2024 జూన్ నుంచి ఇదే రేటు. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి సగం, అంతకన్నా చిన్నవాళ్లకి లేదు. సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు వెనక్కి రాదు. ఇవి తప్పవు. మిగతావన్నీ మన ఇష్టమే, కానీ అడిగే తీరు చూస్తే తప్పనిసరేమో అనిపిస్తుంది.

"ప్రీమియం లాంజ్ తీసుకోండి మేడమ్, త్వరగా అయిపోతుంది" అంది ఆ అమ్మాయి.

"వీసా త్వరగా వస్తుందా?"

"అది కాదు మేడమ్. ఇక్కడ వెయిటింగ్ ఉండదు, సోఫాలుంటాయి, కాఫీ ఇస్తాం."

నిజం చెప్పినందుకు ఆ పిల్ల నాకు నచ్చింది, లాంజ్ మాత్రం వద్దన్నాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పసిపిల్లలతో వచ్చినవాళ్లు తీసుకుంటే అర్థముంది. ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ఎస్ఎంఎస్‌కి డబ్బులు దండగ, అదే సమాచారం ఆన్‌లైన్ ట్రాకింగ్‌లో ఊరికే కనిపిస్తుంది. సెంటర్ దూరమైతే కొరియర్ పెట్టుకోండి. నాకు ఒళ్లు మండింది ఫొటో దగ్గర. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, 35 బై 45 మిల్లీమీటర్ల సైజులో కొత్తగా తీయించుకెళ్లినది పనికిరాదన్నారు. ఎందుకో చెప్పలేదు, వేలు పెట్టి పక్కనున్న ఫొటో మెషీన్ చూపించారు.

ఆ డబ్బుల కన్నా ఫైలు మీద పెట్టిన శ్రద్ధ ఎక్కువ పనిచేస్తుంది. రిటైరయ్యేదాకా నేను బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసినదాన్ని. వీసా ఫైలూ అంతే, అవతలివాళ్లు మన మొహం చూడరు, కాగితాలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని చూస్తారు. హోటల్ బుకింగ్ తేదీలు, విమానం తేదీలు, ఇన్సూరెన్స్ తేదీలు, లీవ్ లెటర్‌లో తేదీలు ఒకే కథ చెప్పాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, అన్ని షెంగెన్ దేశాల్లోనూ, ఉండబోయే రోజులన్నిటికీ వర్తించాలి. అకౌంటులో నెలనెలా జీతమో పెన్షనో పడుతూ, ఖర్చులు పోతూ ఉంటే ఎవరికీ అనుమానం రాదు. అప్లై చేయబోయే ముందు ఎవరిదగ్గరో తెచ్చి ఒక్కసారిగా వేసిన లక్షలు మాత్రం స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనపడతాయి. నిజంగానే పెద్ద మొత్తం వచ్చుంటే, ఎఫ్‌డీ మెచ్యూర్ అయిందనో, స్థలం అమ్మామనో ఆ కాగితం కూడా జతచేయండి. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. కవరింగ్ లెటర్ ఒక పేజీ దాటించకండి. ఎవరు, ఎందుకు, ఎన్ని రోజులు, ఖర్చు ఎవరిది, వెనక్కి ఎందుకొస్తారు, ఇంతే. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇస్తారు, అప్పీలు హక్కు కూడా ఉంటుంది.

గడిచిన మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్న మనదేశం వాళ్లకి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, అంటే ఎన్నిసార్లైనా వెళ్లి రాగలిగేది, ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. పాస్‌పోర్టుకి అంత గడువు మిగిలి ఉండాలనుకోండి. కాబట్టి పాత వీసాల కాపీలు తప్పక పెట్టండి.

పాస్‌పోర్టు చేతికి రాగానే కవరు అక్కడే విప్పి స్టిక్కర్ మీద పేరు, పాస్‌పోర్టు నంబరు చూసుకోండి. వీసా చెల్లే తేదీల మధ్య గడువు, అక్కడ ఉండనిచ్చే రోజుల సంఖ్య వేర్వేరు. నెలరోజుల గడువున్న స్టిక్కర్ మీద ఉండే రోజులు 15 అని ఉంటే, 15 రోజులే ఉండాలి. ఎంత పెద్ద మల్టిపుల్ ఎంట్రీ వీసా అయినా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు దాటకూడదు. తప్పేమైనా కనిపిస్తే ఇంటికెళ్లాక ఫోన్ చేద్దామనుకోకండి, ఆ కౌంటర్ దగ్గరే చెప్పండి. వాళ్ల ఫోన్ నంబరుకి చేస్తే ఎక్కువసేపు వినేది పాటే.