తీసి పెట్టుకునే క్లిప్పులు: ఏడాదిన్నర వాడాక నా అనుభవం

వంకర పళ్ళని వరసకి తెచ్చే ఈ కనపడని క్లిప్పుల గురించి ఎవర్ని అడిగినా మొదట చెప్పేది, కావాలంటే తీసి పెట్టుకోవచ్చు అని. నేనూ ఆ మాట విన్నాకే ఒప్పుకున్నాను. ఏడాదిన్నర వాడాక, నాకు వీటిమీద ఉన్న ఇష్టమూ కోపమూ రెండూ ఆ ఒక్క సంగతి మీదే.

వీటినే అలైనర్లు అంటారు, పళ్ళకి తొడుక్కునే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు. ఎంత ఖర్చు లాంటి వివరాల జోలికి పోను. నాకు పై వరసలో ముందు పళ్ళ పక్కన ఉండే పన్ను ఒకటి లోపలికి పోయి ఉండేది, కింద నాలుగు పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి. పై వరసకీ కింది వరసకీ 28 ట్రేలు చొప్పున, పది రోజులకొకటి మార్చాలన్నారు. ఆగస్టు మొదటివారంలో మొదలుపెట్టాను.

నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. అందుకే మొదటి నాలుగు రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. నొప్పి గురించి కాదు, అది ఓర్చుకోదగ్గదే. శ, ష, స మూడూ ఒకేలా, ఈల కలిసినట్టు వచ్చేవి. ఏడో తరగతిలో పద్యం చదివి వినిపిస్తుంటే ముందు బెంచీ పిల్లలు నా నోటివైపే చూశారు. ఇంటికొచ్చి రాత్రి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి అవే పద్యాలు పైకి చదివాను. ఐదో రోజుకి నాలుక దారిలో పడింది. ఆ తర్వాత మాటతో ఇబ్బంది రాలేదు, కొత్త ట్రే పెట్టిన రోజు కాస్త తప్ప.

మొదటి మూడు నెలలూ అడిగినవాళ్ళందరికీ చాలా గట్టిగా చెప్పాను, తీసుకోండి అని. ఎందుకంటే నాకు ఏళ్ళ తరబడి చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది, ఎక్కిన పళ్ళ మధ్య ఇరుక్కున్నది ఎంత తోమినా పోయేది కాదు. తీగ క్లిప్పులైతే ఆ తీగల మధ్య ఇంకెంత ఇరుక్కునేదో. ఇక్కడ ట్రే తీసేసి మామూలుగా తోముకోవడం, దారంతో పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడం. రెండో నెలకి రక్తం ఆగిపోయింది. ఉదయం ఉమ్మితే నీళ్ళు తెల్లగా ఉన్నాయని చూసుకుని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను, నిజంగా. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాకపోతే ఒకటి కలపాలి. అది ట్రే గొప్పతనం కాదు, తిన్న ప్రతిసారీ తోముకోవాల్సి రావడం వల్ల వచ్చిన ఫలితం. తోమకుండా పెట్టేసుకుంటే కథ ఇంకోలా ఉంటుంది. ఒకరోజు ఆరో పీరియడ్‌కి ఆలస్యమవుతోందని టమాటా పప్పు తిని పుక్కిలించి ట్రే పెట్టేసుకున్నాను. సాయంత్రం తీసి చూస్తే లోపలివైపు, పళ్ళ గుంతల అంచుల వెంట పసుపు గీత. ఆ ట్రే మారేదాకా పోలేదు. ట్రేకి పట్టు దొరకడానికి పళ్ళ మీద అంటించే చిన్న బుడిపెలు, అవే అటాచ్‌మెంట్లు, ట్రేలా మార్చేవి కావు కదా, వాటి అంచులు మెల్లగా పసుపెక్కాయి. మన తిండికి ఇది తప్పదు.

రోజుకి 22 గంటలు నోట్లో ఉండాలి. అంటే టిఫిను, భోజనం, టీ, రాత్రి భోజనం, ఆ తర్వాత తోముకోవడం అన్నీ కలిపి రెండు గంటలు. నాకు రోజుకి నాలుగు టీలు అలవాటు. వేడి టీ ట్రేతో తాగకూడదు, తీస్తే టైము పోతుంది. రెండో వారానికి ఒక్క టీకి వచ్చేశాను. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు పళ్ళెంలో పకోడీ తెచ్చి ముందు పెడితే ఒక్కటి తినాలన్నా లేచి చేతులు కడుక్కుని, వెనక దంతం లోపలివైపు గోరుతో లాగి, తీసి, కడిగి, డబ్బాలో పెట్టి... వద్దులెండి అనేయడమే సులువు. అప్పుడు ఇదంతా మంచికే అనుకున్నాను. నాలుగు కిలోలు తగ్గాను కూడా.

ఇక సంక్రాంతి సంగతి.

మా అత్తవారిది కోనసీమ, అంబాజీపేట దగ్గర. నేనప్పుడు 17వ ట్రేలో ఉన్నాను, ఇంకా నాలుగు రోజులుంది. నాలుగు రోజులే కదా అని ఆ జత ఒక్కటే నోట్లో పెట్టుకుని బస్సెక్కాను. 16వదీ 18వదీ హైదరాబాదులో బాత్రూమ్ అలమరలోనే ఉండిపోయాయి. పండగ ఇంట్లో 22 గంటల లెక్క నిలబడదు. అరిసెలు, పూతరేకులు, జంతికలు, ఎవరింటికి వెళ్ళినా చేతిలో ఏదో పెడతారు, కాదంటే బాధపడతారు. అయినా భోగి, పండగ రెండు రోజులూ ఎలాగో నెట్టుకొచ్చాను.

కనుమ నాడు మినుము తినాలి కదా, పొద్దున్నే గారెలు. డబ్బా మేడమీద బ్యాగులో ఉంది. కిందికీ పైకీ తిరగలేక ట్రేలు రెండూ స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసి వంటింటి గట్టు మీద పెట్టాను. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే అలంకరించిన ప్రభల మీద దేవుళ్ళని ఊరేగించే జాతరకి, వెళ్ళాలని అందరూ తొందరలో ఉన్నారు. తిని, పెరట్లో తోముకుని వచ్చేసరికి గ్లాసులోంచి ఆవిరి వస్తోంది. అత్తయ్య పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు అందులో పోశారు. నోట్లో పెట్టుకునేది, చల్లనీళ్ళలో ఉంటే క్రిములు పోవని ఆవిడ భయం. "పిల్ల పాలసీసాలు అలాగే మరిగించేదాన్ని కదమ్మా" అన్నారు. అవును, మా అమ్మాయి పుట్టినప్పుడు ఆర్నెల్లు రోజూ ఆ పని చేసింది ఆవిడే.

చెంచాతో బయటికి తీశాను. పై ట్రే చివరలు రెండూ ఎడంగా విచ్చుకుని, కుడివైపు అంచు లోపలికి ముడుచుకుపోయి ఉంది. ముందు పళ్ళకి పట్టింది, వెనకకి వచ్చేసరికి దంతాల మీద కూర్చోకుండా పైకి లేచింది. కింది ట్రే చూడటానికి బాగానే ఉంది కానీ అదీ పట్టలేదు. తర్వాత డాక్టరుగారు చెప్పారు, ఈ ట్రేలు చేసేదే ప్లాస్టిక్ రేకుని వేడిచేసి పళ్ళ అచ్చు మీద దించి, వేడితో రూపం తెచ్చుకున్నది వేడి తగిలితే రూపం పోగొట్టుకుంటుంది అని. వేడినీళ్ళు వద్దని ముందే చెప్పారు. కానీ ఎందుకు వద్దో ఈ ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే నేను ఇంట్లో అందరికీ చెప్పేదాన్ని. ఇచ్చిన కాగితం నిండా సూచనలే, అన్నీ ఇంగ్లీషులో, వేడినీళ్ళ సంగతి వాటిలో తొమ్మిదోది.

పండగ సెలవు, క్లినిక్ మూసి ఉంది. వాట్సాప్‌లో ఫోటో పెడితే సాయంత్రానికి జవాబు వచ్చింది, వెంటనే పాత ట్రే పెట్టుకోమని. పాత ట్రే ఎక్కడుందో మీకు తెలుసు. మా తిరుగు ప్రయాణం కంటే ముందు రోజుల బస్సులన్నీ నిండిపోయాయి. మూడు రోజులు ఖాళీ నోటితో ఉన్నాను. అందరూ ఇంకేం, హాయిగా తినొచ్చు అన్నారు. నాకు మాత్రం అద్దం చూసినప్పుడల్లా ఆ పక్క పన్ను వెనక్కి పోతున్నట్టే అనిపించి ఏదీ సహించలేదు. నా కంటే అత్తయ్యే ఎక్కువ బాధపడ్డారు. ప్రభలు కౌశిక నది దాటించడం చూడటానికి ప్రతి ఏడూ ఆవిడే ముందు బయల్దేరతారు, ఆ ఏడు తీర్థానికే రానన్నారు. బతిమాలి తీసుకెళ్ళాం.

ఇంటికొచ్చిన రాత్రి, బ్యాగు కూడా దించకుండా 16వ ట్రే తీశాను. ఒక్కో ట్రే పంటిని జరిపేది దాదాపు పావు మిల్లీమీటరు, అంతకుమించి కాదు. వినడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ మూడు రోజుల కిందటి దాకా దీనికంటే ముందున్న ట్రే పెట్టుకున్నదాన్ని, ఈ పాతదే నాకు పూర్తిగా ఎక్కలేదు. ఆ పక్క పన్ను దగ్గర అంచు కింద వెంట్రుక మందం సందు. ట్రే పళ్ళ మీద సరిగ్గా కూర్చోవడానికి చూయీ అనే రబ్బరు ముక్క కొరుకుతూ పది నిమిషాలు, ఆగి మళ్ళీ పది నిమిషాలు. మొదటి రోజుల్లో కూడా అంత నొప్పి లేదు. రెండో రోజుకి ఆ సందు మూసుకుంది. కొత్త 17 తయారై వచ్చేదాకా 15 రోజులు అదే పెట్టుకున్నాను. అది వచ్చాక ప్రతి ట్రేకి రెండేసి రోజులు ఎక్కువ ఇవ్వమన్నారు. మేలో అయిపోవాల్సింది జూన్ చివరికి వెళ్ళింది. ట్రే మళ్ళీ చేయించినందుకు డబ్బులు వేరే.

పన్ను జరిగినంత మాత్రాన అక్కడ నిలబడిపోదట. జరిగిన వైపు ఎముక కరిగి, వదిలిన వైపు కొత్త ఎముక పట్టాలి, వేరు చుట్టూ ఉండే నారలు కుదురుకోవాలి, ఈలోగా పట్టు వదిలితే పాత చోటికే లాగుతాయి అన్నారు డాక్టరుగారు. తీగ క్లిప్పులైతే పండగైనా పెళ్ళైనా వాటి పని అవి చేసుకుంటాయి. నా కోపం అక్కడే. తీసి పెట్టుకోవచ్చు అన్న మాటలో, తీసిన ప్రతిసారీ అది ఎక్కడుంది, దానికి ఏం తగులుతోంది, ఎంతసేపైంది అన్న బాధ్యత నాదే అన్న సంగతి కూడా ఉంది. ఆ రెండోది మనకెవరూ ముందు చెప్పరు.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. డబ్బా ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులోనే, గ్లాసులో, టిష్యూ కాగితంలో పెట్టడం మానేశాను. ఊరెళ్తే వెనక జత, ముందు జత రెండూ వెంట ఉంటాయి. కడగడానికి చంటిపిల్లల మెత్తని బ్రష్షు, ఒక్క చుక్క మామూలు లిక్విడ్ సబ్బు, చల్లనీళ్ళు. పేస్టుతో తోమితే సన్నగా గీతలు పడి మసకబారుతుంది, ఆ గీతల్లో వాసన పడుతుంది. ఇంకొకటి, మా ఇంట్లో బోరు నీళ్ళు, బక్కెట్ల అంచున తెల్లగా పేరుకునేలాంటివి. వాటితో కడిగినన్నాళ్ళూ ట్రే మీద గరుకు పొర పట్టేది. తాగే నీళ్ళతో కడగడం మొదలుపెట్టాక పోయింది. వారానికోసారి కట్టుడు పళ్ళు శుభ్రం చేసే బిళ్ళ వేస్తాను. ఆ బిళ్ళల పెట్టె మీద గోరువెచ్చని నీళ్ళు అని ఉంటుంది, నేను మాత్రం చల్లనీళ్ళే వాడతాను.

ఫలితం అడుగుతారు కదా. కింది పళ్ళు చక్కగా వరసకొచ్చాయి. పై పన్ను 28 ట్రేల తర్వాత కూడా కొంచెం తిరిగే ఉంది. మళ్ళీ స్కాన్ తీసి ఇంకో తొమ్మిది ట్రేలు ఇచ్చారు, రిఫైన్‌మెంట్ అంటారు. చాలామందికి అవసరమవుతుందన్నారు. నా మూడు రోజుల వల్లే అయ్యిందా అని అడిగితే అలా చెప్పలేమన్నారు. అక్టోబరులో అయిపోయాయి. ఇప్పుడు ఆ పన్ను దాదాపు సరిగ్గా ఉంది, పక్కనుంచి వెలుతురు పడితే నాకొక్కదానికే కనపడేంత తేడా. పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచే రిటైనర్లు మూడు నెలలు పగలూ రాత్రీ పెట్టుకున్నాను, ఇప్పుడు రాత్రిళ్ళు మాత్రమే. ఇవి ఇంతలో మానేసేవి కావు, పళ్ళు ఇలాగే ఉండాలనుకున్నన్నాళ్ళూ పెట్టుకోవాల్సిందే.

నాకు మొత్తం మీద మంచే జరిగింది. కానీ నా రోజు గంట కొడితే మొదలై గంట కొడితే ముగుస్తుంది, తినే వేళలు మారవు. మా తమ్ముడు మెడికల్ రెప్, రోజూ పది చోట్ల తిరుగుతాడు, వెళ్ళిన ప్రతిచోటా టీ. వాడు అడిగితే తీగ క్లిప్పులే వేయించుకోరా అని చెప్పాను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అత్తయ్య ఫ్రిజ్ పక్కన మూతున్న చిన్న గిన్నె పెట్టి ఉంచారు, "కుండలో నీళ్ళే పోశానమ్మా, వేడివి కావు" అన్నారు.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. నా పళ్ళే వచ్చాయి దానికి, అదే పక్క పన్ను లోపలికి పోయి ఉంది. తనకీ కనపడనివే కావాలంటోంది. డాక్టరుగారు రెండిట్లో ఏదైనా పని చేస్తుందన్నారు. అది ఈ ఏడు స్కూల్లో మూడు వాటర్ బాటిళ్ళు పోగొట్టుకుంది. వేసవి సెలవుల దాకా ఆగుదామని చెప్పాను.