నాన్న డిశ్చార్జి బుక్కులో ఎక్కని పతకం: సైనిక సంక్షేమ కార్యాలయం చేసిన సాయం

1971 యుద్ధంలో నాన్న ఆర్టిలరీలో, పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో ఆ యుద్ధకాలపు సంగ్రామ్ మెడల్ ఉంది, పశ్చిమ సరిహద్దులో పనిచేసినవాళ్లకిచ్చే పశ్చిమీ స్టార్ పతకం లేదు. "పోనీలేరా, ఇప్పుడెందుకు" అంటారు గానీ, ఆగస్టు పదిహేనుకి పతకాలు తుడిచేటప్పుడు ఆయన మొహం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

సైనికుల సర్వీసు వివరాలు ఉంచే రికార్డ్ ఆఫీసుకి మేమే రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు రాలేదు. అప్పుడు మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాం. అక్కడి క్లర్కు గారు కూడా రిటైర్డ్ హవల్దారే. బుక్కులో ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివారు. "పార్ట్ టూ ఆర్డర్, అంటే సర్వీసు వివరాలు నమోదు చేసే ఉత్తర్వు, పడితేనే ఇందులో ఎక్కుతుంది బాబూ. మీరు ఊరికే పతకం పంపమని రాశారు. యూనిట్, తేదీలు చెప్పి ఎంట్రీ సరిచేయమని అడగాలి" అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "సార్, డిసెంబర్ 3 రాత్రి మీ గన్నులు ఎక్కడున్నాయి?" అని అడిగారు. యాభై ఏళ్లలో నాన్నని ఆ మాట అడిగినవాళ్లు లేరు. నాన్న అరగంట చెప్పారు, క్లర్కు గారు అంతా రాసుకున్నారు.

ఆఫీసు కవరింగ్ లెటర్‌తో అర్జీ వెళ్లింది. మా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఫోన్ మాత్రం ఎత్తరు, మనిషి వెళ్లాల్సిందే. బుక్కు అసలు ప్రతి ఎవరికీ ఇవ్వకండి, అటెస్ట్ చేసిన జిరాక్సులు చాలు.

పదకొండు నెలలకి స్టార్ వచ్చింది. చెక్కిన తన ఆర్మీ నంబరు నాన్న నిలబడి పైకి చదివారు.