కుక్కకి పెరుగన్నమా, చికెనన్నమా, ప్యాకెట్ ఫుడ్డా?

చెన్నైలో మన తెలుగిళ్ళలో పెరిగే కుక్కల్లో చాలావాటికి మధ్యాహ్నం పెరుగన్నమే భోజనం. అదేం విషం కాదు. తోడేలుకంటే కుక్కకి అన్నం బాగా అరుగుతుంది, పాలకంటే పెరుగులో లాక్టోజ్ అనే పాలచక్కెర తక్కువ. కానీ ప్రోటీన్, మంచి కొవ్వు, జింక్ అందులో చాలవు. కడుపు బాగోలేనప్పుడు ఒకటి రెండు పూటలు పెట్టండి. రోజూ అదేనంటే నేను ఒప్పుకోను.

అసలు పోటీ చికెనన్నానికీ ప్యాకెట్‌కీ మధ్యే. ఇంట్లో వండిందంటే మనకి నమ్మకం, కుక్కకి రుచి. చిక్కంతా కాల్షియం దగ్గరే. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది. అందుకే చికెనన్నం మీదే పెరిగిన కుక్కపిల్లలకి కాళ్ళు వంకరపోతాయి, ఎముకలు ఊరికే విరుగుతాయి. రాజపాళయం, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల పిల్లలకి కాల్షియం ఎక్కువైనా ముప్పే, కాబట్టి మనంతట మనం సిరప్ పోయకూడదు. బొక్కలు వేస్తాంగా అంటారు. ఉడికిన బొక్క చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఇక మిగిలిపోయిన బిర్యానీ, సాంబారు పెట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. పాయసంలో కిస్మిస్ కిడ్నీలకి ప్రమాదం.

ప్యాకెట్ ఫుడ్‌లో ఈ లెక్కలన్నీ చూసే కలుపుతారు. సంపూర్ణ సమతులాహారం అనీ, ఏ వయసుకనీ ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. చెన్నై ఉక్కలో విప్పిన సంచి త్వరగా ముక్కవాసన వస్తుంది, బూజూ పడుతుంది. చిన్న ప్యాకెట్ కొని, ఆ సంచితోనే గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. షాపులో గోతాంలోంచి విడిగా తూచి ఇచ్చేది, చవకైనా సరే, వద్దు. గ్రెయిన్ ఫ్రీ, అంటే ధాన్యాలు లేనిది, అని ఎక్కువ డబ్బు పోయడమూ అనవసరం. అలాంటి కొన్ని తిండ్లకీ గుండె జబ్బుకీ సంబంధముందా అని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది.

నా ఓటు: కుక్కపిల్లకి ప్యాకెట్టే. పెద్ద కుక్కకి కూడా ప్రధానంగా అదే, పైన ఉప్పు వేయని ఉడికించిన చికెనో, గుడ్డో, క్యారెట్టో. ఇలా పైన వేసేవన్నీ కలిపి రోజు కేలరీల్లో పది శాతం దాటకూడదు. పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటే వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనో, మీ డాక్టరు దగ్గరో బరువుకి తగిన కొలతలు రాయించుకోండి. కిడ్నీ, లివర్ జబ్బులుంటే ఈ పోలికే వర్తించదు, డాక్టరు చెప్పిందే తిండి. ఏది ఎంచుకున్నా ఒక్కరోజులో మార్చకండి, వారం పాటు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ కలపండి.