14 నెలలుగా సారె ముందు: ఆరుగురి బ్యాచ్‌లో కుండలు చేయడం నేర్చుకోవడం

హైదరాబాద్‌లో ప్రతి శనివారం పొద్దున రెండున్నర గంటల క్లాసు, 14 నెలలుగా వెళ్తున్నాను. ఆరుగురం, ఆరు కరెంటు సారెలు (కుమ్మరి చక్రాలు), నేర్పే మేడమ్ ఒక్కరే. నెలకు 6,000 రూపాయలు, మట్టి అందులోనే, కాల్చడానికి మాత్రం బరువును బట్టి విడిగా తీసుకుంటారు. చేరొచ్చా అని ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో అడుగుతూనే ఉన్నారు కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నా.

సారెలు ఎన్ని, మనుషులు ఎందరు అని అడగకుండా మాత్రం డబ్బు కట్టకండి. నేను మొదట చేరిన చోట 13 మందికి నాలుగు సారెలు. మట్టి కాస్త మాట వింటోంది అనిపించేలోపే లేచి పక్కవాళ్లకి ఇవ్వాలి. రెండు నెలలు అలాగే పోయాయి, నాకు చేతకాదులే అనుకుని మానేయబోయాను కూడా.

అన్నిటికంటే కష్టం సెంటరింగ్, అంటే మట్టిముద్దను సారెకి నడిమధ్యలోకి తేవడం. నాకు నాలుగు నెలలు పట్టింది. ముద్ద ఏ కొంచెం పక్కకి ఉన్నా తిరిగిన ప్రతిసారీ అరచేతిని ఒక దెబ్బ కొడుతుంది, నేనేమో దాన్ని భుజాల బలమంతా పెట్టి నొక్కేదాన్ని, ఆ రాత్రంతా మణికట్లు పీకేవి. ఒక శనివారం మేడమ్ వచ్చి, నా ఎడమ మోచేతిని పట్టుకుని తొడ మీద ఆనించారు. "మట్టిని తొయ్యకమ్మా, నీ చెయ్యి కదలకుండా చూసుకో, అదే దారికొస్తుంది" అన్నారు. దెబ్బలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. కాసేపటికి ముద్ద తిరుగుతోందా ఆగిపోయిందా అన్నది తెలియలేదు, తడి మెరుపు ఒక్కటే ఒకచోట నిలబడి ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. 13 మంది మధ్యలో నా మోచెయ్యి ఎవరి కంట పడుతుంది చెప్పండి.

మధ్యకి వచ్చాక గుంట చేయడం, గోడ పైకి లాగడం త్వరగానే వచ్చేస్తాయి. కానీ అడుగుభాగాన్ని వేలితో గట్టిగా అదమడం మర్చిపోవద్దు. నా మొదటి గిన్నెల్లో మూడింటికి ఆరేటప్పుడు అడుగున ఎస్ అక్షరంలా పగులు వచ్చింది, కారణం అదే. ఇంకోటి, స్టోన్‌వేర్ మట్టి (బాగా ఎక్కువ వేడికి కాల్చే గట్టి రకం) ఆరి, కాలేసరికి పదో వంతు పైనే కుంచించుకుపోతుంది. కాఫీ కప్పు అనుకుని చేసింది టీ కప్పు అయ్యింది.

ఓపిక లేనివాళ్లకి ఇది కుదరదు. బట్టీ నిండితేగానీ వెలిగించరు, అందుకు మూడు వారాలు ఆగిన రోజులున్నాయి. పైగా మొదట 1000 డిగ్రీల దగ్గర ఒకసారి, గ్లేజు, అంటే కాలాక గాజులా మెరిసే పూత, పూశాక 1200 దాటించి ఇంకోసారి కాల్చాలి. ఒకసారి ఎవరిదో సరిగ్గా ఆరని కూజా బట్టీలోకి వెళ్లింది. లోపలి తేమ ఆవిరై అది పేలిపోయి, పక్కనున్న నా రెండు గిన్నెలూ ముక్కలయ్యాయి. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మా నాయనమ్మ అనేది (గుదియ అంటే దుడ్డుకర్ర), ఆ మాటకి అర్థం ఆ రోజు తెలిసింది. బ్యాచ్‌లో అందరికీ మనసు పాడైంది, ఆ వస్తువు ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. మిగతా ఐదుగురూ నాకు బాగా దగ్గరైంది అప్పుడే అనుకుంటా.

మా అత్తగారు పెరుగుకి చట్టి చేసిపెట్టమన్నారు. మంచి నీలం గ్లేజు వేసి గర్వంగా ఇచ్చాను. తోడేసి చూసి, "ఇది స్టీలు గిన్నెలో పెరుగులాగే ఉందే" అన్నారు. మేడమ్‌ని అడిగితే విషయం చెప్పారు: గ్లేజు పడి అంత వేడికి కాలిన మట్టి నీళ్లు పీల్చదు, గడ్డపెరుగు కావాలంటే గ్లేజు లేని మామూలు ఎర్రమట్టే కావాలి. ఎర్రమట్టితో మళ్లీ చేసి, ఒక్కసారే కాల్పించి, ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఇచ్చాను. పెరుగు చాకుతో కోయొచ్చు, అలా తోడుకుంది. ఆ చట్టి ఇప్పుడు మా ఇంట్లో రోజూ వాడుతున్నాం.

దానికి మూత కూడా కావాలట ఇప్పుడు. కాలిన చట్టికి కొత్తగా మూత చేస్తే సరిపడటం కష్టం, రెండూ ఒకే మట్టితో ఒకే రోజు చేసి కలిపి ఆరబెడితేనే ఒకేలా కుంచించుకుంటాయి. అందుకే వచ్చే శనివారం చట్టి కూడా మళ్లీ మొదటినుంచి చేస్తున్నా.