మా వీధి ఆక్సిజన్ మెషిన్: ఇన్నేళ్లు వాడాక

ఆక్సిజన్ కాన్సంట్రేటర్, అంటే గదిలో గాలి నుంచే ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్, కొనాలనుకునేవాళ్లు నిమిషానికి ఎన్ని లీటర్లు, ధరెంత, వారంటీ ఎన్నేళ్లు అని అడుగుతారు. మమ్మల్ని ఆదుకున్నది వీటిలో ఏదీ కాదు, స్విచ్ పక్కనుండే ఒక చిన్న లైటు. బయటికొచ్చే గాలిలో ఆక్సిజన్ సరిపడా ఉంటే అది గ్రీన్‌లో వెలుగుతుంది, తగ్గితే ఎల్లోకి మారుతుంది. 2021 మేలో, కరోనా సెకండ్ వేవ్‌లో, దొరికిందే భాగ్యమని జనం ఎగబడి కొన్న చాలా మెషిన్లకు ఆ లైటే లేదు. మా దానికి ఉంది. ఏరి కొన్నామని కాదు, ఆ రోజు దొరికిన ఒక్క మెషిన్‌కి అది ఉంది, అంతే.

ఇది ఒక ఇంటి మెషిన్ కాదు, నెల్లూరు బాలాజీనగర్‌లో మా వీధి మొత్తానిది. 2020లో వినాయక చవితి పందిళ్లకు పర్మిషన్ ఇవ్వలేదు కాబట్టి అంతకుముందటి చందా డబ్బులు కమిటీ దగ్గర అలాగే ఉండిపోయాయి. సెకండ్ వేవ్‌లో బెడ్ కోసం ఆస్పత్రులుండే పొగతోట అంతా తిరిగొచ్చిన వాళ్ల మాటలు విన్నాక, వాటికి ఇంకొంత కలిపి దీన్ని కొన్నాం. ఆ నెలలో సగం వీధి చూపు కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకు ఇస్తున్న నాటు మందు మీదే ఉంది. 'ఆనందయ్య ఊరికే ఇస్తుంటే నువ్వు ఇన్ని వేలు ఎందుకు పోస్తున్నావు నాయనా' అని మా బాబాయ్ మొహం మీదే అన్నాడు. ఈ మెషిన్ల మీద డీలర్ల లాభం 70 శాతం దాటకూడదన్న రూలు జూన్ 3న వచ్చింది. మేం అప్పటికే కొనేశాం. ఎంతకు కొన్నామో ఇప్పుడు తలుచుకుని లాభం లేదు.

ముక్కు పైపు ఎలా పెట్టాలి లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తాను. వాడకం గురించి చెప్తాను. డాక్టర్ ఫోన్‌లోనైనా సరే ఎన్ని లీటర్లు పెట్టాలో చెప్పకుండా మెషిన్ ఇల్లు కదలకూడదని మొదట్లోనే ఒక రూలు పెట్టుకున్నాం. ఆక్సిమీటర్‌లో 94 కంటే తగ్గితే ముందు డాక్టర్‌కి చెప్పాలి. 90 కిందకు పోతే మెషిన్ ఊసే ఎత్తకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మా వార్డు వాలంటీర్ దగ్గర ఏ ఇంట్లో జ్వరం ఉంది, ఎవరికి టెస్టు చేశారు, ఎవరికి రిజల్ట్ రాలేదు అన్న లిస్టు ఉండేది. మెషిన్ ఎవరింటికి ముందు వెళ్లాలన్న గొడవ వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మాటే చెల్లింది. రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చిలో మా ఊళ్లోనే వచ్చింది కాబట్టి భయం మాకు అందరికంటే ముందే మొదలైంది. ఆ ఏడాది తలుపులు వేసుకుని కూర్చున్న వీధే ఇది. మరుసటి ఏడాది ఒకళ్ల గుమ్మంలోంచి ఇంకొకళ్ల గుమ్మంలోకి పద్దెనిమిది కేజీల పెట్టెను మోసింది.

అప్పట్లో చుట్టాలందరికీ ఇది దేవుడిచ్చిన మెషిన్ అని చెప్పాను. ఇప్పుడైతే అంతలా చెప్పను. సౌండ్ తక్కువన్నది నిజమే, కానీ హాలు, పడకగది విడివిడిగా ఉన్న ఇంట్లో. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో కొన్ని సెకన్లకోసారి వచ్చే ఆ 'టక్, స్స్' వింటూ ఎవరికీ నిద్ర పట్టలేదు. అయిదు లీటర్ల మెషిన్ అన్నదీ నిజమే, కానీ మేం రెండు, మూడు దాటి పెట్టింది తక్కువ. ఇక ఎండ. ఇలాంటి మెషిన్లతో వచ్చే పుస్తకంలో మామూలుగా 40 డిగ్రీల వరకే వాడమంటారు. రోహిణి కార్తెలో నెల్లూరు సంగతి ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలిసుండదు. రేకుల ఇంట్లో పెడితే మధ్యాహ్నానికి మెషిన్ అలారం కూత మొదలయ్యేది. తడిగాలి పడదని కూలర్ పక్కనా పెట్టలేదు. కరెంటు 350 వాట్లు లాగుతుంది, రోజంతా నడిస్తే 8 యూనిట్లకు పైనే. ఆ బిల్లు వాడుకున్న ఇంటి మీద పడకూడదని కమిటీ కడతానంది. కొన్ని నెలలు కట్టింది కూడా.

అసలు చెప్పాల్సింది 2022 జనవరి సంగతి.

ఒమిక్రాన్ వచ్చింది, సంక్రాంతి వచ్చింది, ఊళ్లకు వెళ్లినవాళ్లంతా దగ్గుతో తిరిగొచ్చారు. చాలామందికి జలుబులాగా వచ్చి పోయింది. పక్క సందులో పెద్దమ్మకు మాత్రం అలా పోలేదు. ఎప్పట్నుంచో ఆయాసం ఉన్న మనిషి. రెండు డోసులూ వేయించుకుంది. అరవై దాటి, జబ్బులున్న వాళ్లకు బూస్టర్ అప్పుడే, జనవరి 10న మొదలైంది, కానీ రెండో డోసుకు తొమ్మిది నెలలు నిండాలన్నారు. ఆమెకు నిండలేదు. ఆక్సిమీటర్‌లో 92 చూపించింది. డాక్టర్ ఫోన్‌లో రెండు లీటర్లు పెట్టి గమనించమన్నాడు. కమిటీ గదిలో మూల ఉన్న మెషిన్‌ని దులిపి తీసుకెళ్లాం. సెకండ్ వేవ్ తగ్గినప్పట్నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆన్ చేస్తే ఎప్పటిలాగే మోగింది. బాటిల్‌లో నీళ్లలో బుడగలు వస్తున్నాయి, ఎన్ని లీటర్లో చూపించే గొట్టంలో బంతి రెండు దగ్గర తేలుతోంది, పైపు చెంప దగ్గర పెట్టుకుంటే గాలి తగులుతోంది. లైటు ఎల్లోగా ఉంది. ఆన్ చేసిన కొత్తలో ఎల్లోగానే ఉంటుంది, కాసేపటికి గ్రీన్ అవుతుంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. అరగంటయినా అది మారలేదు. ఆక్సిమీటర్ 92 నుంచి 91కి దిగింది.

మాతో వచ్చిన కుర్రాడు ఐటీఐ చదివాడు, ఏసీలు బాగుచేస్తాడు. వాడొక్కడే లైటు దగ్గర కూర్చుని 'ఇది పని చెయ్యడంలా అన్నా' అన్నాడు. పెద్దమ్మ కొడుక్కి కోపం వచ్చింది. 'గాలి బాగానే వస్తా ఉంది కదా, నువ్వు ఊరికే టెన్షన్ పెట్టబాక' అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. చెవికీ కంటికీ చేతికీ అంతా సరిగ్గానే ఉంది. ఆ ఒక్క లైటు తప్ప.

కుర్రాడు వెనక ఫిల్టర్ తీసి దులిపాడు. గోడకు ఆనుకుని ఉందని గది మధ్యకు లాగాడు. నీళ్ల బాటిల్ తీసేసి పైపు నేరుగా తగిలించాడు. ఏం మారలేదు. చివరికి రెండు లీటర్లనుంచి ఒకటికి తగ్గించాడు. కాసేపటికి గ్రీన్ వెలిగింది. ఇంట్లో వాళ్లు హమ్మయ్య అనుకుంటుంటే వాడు రెండుకు పెంచి చూపించాడు. మళ్లీ ఎల్లో. అప్పుడర్థమైంది, మెషిన్‌లో ఓపిక సగం కూడా లేదు, రెండు లీటర్లు అడిగితే వట్టి గాలిని కలిపి ఇస్తోంది. డాక్టర్‌కి అదే చెప్పాం. ఇక ఆగొద్దన్నాడు. కొడుకు అప్పటిదాకా ఆస్పత్రి అంటే ససేమిరా అన్నవాడు, తనే 108కి ఫోన్ చేశాడు. ఆమె చేరింది, కోలుకుని ఇంటికొచ్చింది. ఆ లైటే లేకపోతే ఆ రాత్రంతా బుడగలు చూసుకుంటూ ధైర్యంగా కూర్చునేవాళ్లం.

మెకానిక్ చెన్నై నుంచి వచ్చాడు. నెల్లూరులో దేనికైనా అటువైపే చూడాలి కదా. విప్పి చూపించాడు. లోపల రెండు గొట్టాలు, వాటినిండా జియోలైట్ అనే సన్నని గింజలు. గాలిని నొక్కి అందులోంచి పంపితే అవి నైట్రోజన్‌ని పట్టేసుకుని ఆక్సిజన్‌ని వదులుతాయి. ఒక గొట్టం పట్టుకుంటుంటే రెండోది ఊపిరి వదులుతుంది, ఆ 'టక్, స్స్' అదే. ఆ గింజలకు నైట్రోజన్ కంటే తేమంటేనే మక్కువ ఎక్కువ. నెలల తరబడి వాడకుండా మూలన పెడితే, అందులోనూ నవంబరు వానలు ముంచిన ఊళ్లో, వర్షాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అయిపోతాయి. రెండు గొట్టాలూ మార్చాల్సిందే అన్నాడు. కొన్న ధరలో నాలుగో వంతు అయింది. వారంటీలో రాదట.

నాకు కడుపుమంట ఇక్కడే. అమ్మినాయన ఫిల్టర్ కడగమన్నాడు, డిస్టిల్డ్ వాటర్ పోయమన్నాడు, ఊరికే పెట్టేస్తే పాడవుతుందని ఒక్క మాట చెప్పలేదు. సెకండ్ వేవ్ రోజుల్లో ఊళ్లో సంఘాలు, పూర్వ విద్యార్థులు, విదేశాల్లో ఉన్న పిల్లలు పంపినవి ఎన్ని మెషిన్లు ఇలా మూలన ఉన్నాయో. వాటిలో లైటు లేనివాటి సంగతి వాడేదాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మా మెషిన్‌ని నెలకోసారి కొన్ని గంటలు ఊరికే నడుపుతున్నాం. మధ్యమధ్యలో బీడీలతో ఊపిరితిత్తులు పోగొట్టుకున్న ఒక బాబాయ్‌కి ఇస్తున్నాం. గొట్టాలు మార్చినప్పట్నుంచీ మూడు లీటర్ల వరకు గ్రీన్ నిలకడగా ఉంటోంది. అయిదు పెడితే ఒక్కోసారి ఊగిసలాడుతుంది, కొత్తలో అలా ఉండేది కాదు.

కొనమంటారా అంటే, మా వీధికి పనికొచ్చింది. మాకు ఏసీ మెకానిక్ కుర్రాడున్నాడు, ఫోనెత్తే డాక్టరున్నాడు, బిల్లు గురించి గొణిగినా చివరికి కట్టే కమిటీ ఉంది. ఇవేవీ లేకుండా ఒక్క ఇంటికోసమైతే, ఇంట్లో రోజూ ఆక్సిజన్ అవసరమున్న మనిషి ఉంటేనే ఆలోచించండి, అదీ ఇన్వర్టర్ దీన్ని ఎంతసేపు లాగుతుందో నడిపి చూసుకున్నాక. మా ఇంటి ఇన్వర్టర్ మీద రెండు గంటలు కూడా ఆగలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని కొనేటట్టయితే అమ్మేవాళ్ల ఇంట్లోనే ఆన్ చేయించి, గొట్టంలో బంతిని అయిదు దగ్గర పెట్టి, ఓ అరగంట కూర్చుని కాఫీ తాగి ఆ లైటు చూడండి. లైటే లేదంటే కాఫీ తాగేసి వచ్చేయండి.