ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాలు) చదవాలంటే యాప్ కొనాలా? ఉచితంగా దొరికేవాటి మీద నా రివ్యూ

నల్లగొండలో, పాలమూరులో ఎంఏ పొలిటికల్ సైన్స్ చదువుతూ లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్‌కో సెట్‌కో తయారవుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎప్పుడు కలిసినా అడిగేది ఒకటే, అన్నా, అంతర్జాతీయ సంబంధాలకి ఏ యాప్ కొనాలి అని. నన్నడిగితే ముందు ఏదీ కొనకండి. ఉచితంగా ఉన్నవి చదివాక కూడా లోటు కనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

చదువుకి నా మొదటి ఓటు ఇగ్నో వాళ్ళ ఆన్‌లైన్ పాఠాల సైట్ ఈజ్ఞానకోశ్‌కే. అందులో ఎంపీఎస్-002 అనే కోర్సు వెతకండి, ఐఆర్ సిద్ధాంతాలు, సమస్యలు యూనిట్లవారీగా పీడీఎఫ్‌లుగా ఉంటాయి, ఇగ్నోలో చేరాల్సిన పని కూడా లేదు. ఇంగ్లిష్ మరీ కష్టంగా ఉండదు గానీ తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్ళకి మొదట్లో కాస్త బరువుగానే ఉంటుంది, వాళ్ళు తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే సగం టెన్షన్ పోతుంది. నిన్నమొన్నటి సంగతులు మాత్రం ఏ పాఠంలోనూ ఉండవు, అవి మీరే రాసుకోవాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది విదేశాంగ శాఖ వెబ్‌సైట్. చూడటానికి ఆఫీసు ఫైలులా ఉంటుంది, నిజమే. కానీ ఒప్పందాల అసలు పాఠాలు, దేశాలవారీ నోట్లు, ప్రతినిధి ప్రెస్ మీట్లలో ప్రశ్నలూ జవాబులూ అన్నీ అక్కడే ఉంటాయి. కోచింగ్ నోట్సులో రెండు లైన్లలో తేల్చేసేది అక్కడ పూర్తిగా చదవొచ్చు. కృష్ణా నీళ్ళ పంపకంలో బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీల గురించి టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ వాదించుకునే జిల్లాలు మనవి, అలాంటప్పుడు నీళ్ళ ఒప్పందాలతోనే మొదలుపెట్టొచ్చు కదా! 1960 సింధు ఒప్పందం టీఎంసీల లెక్కన కాకుండా నదుల లెక్కన పంచింది, రావి, బియాస్, సట్లెజ్ మనకి, సింధు, జీలం, చీనాబ్ ఎక్కువభాగం పాకిస్తాన్‌కి. 1996లో బంగ్లాదేశ్‌తో చేసుకున్న గంగ ఒప్పందం అలా కాదు, జనవరి నుంచి మే దాకా ఫరక్కా బ్యారేజీ దగ్గర పారే నీటిని పది రోజులకోసారి లెక్కగట్టి పంచుతుంది, దాని గడువు 30 ఏళ్ళు, అంటే 2026 డిసెంబర్ వరకు. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో సింధు ఒప్పందాన్ని మన ప్రభుత్వం నిలిపి ఉంచింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే వాస్తవికవాదం (దేశాలు తమ బలం, ప్రయోజనమే చూసుకుంటాయనేది), ఉదారవాదం (దేశాల మధ్య సహకారం కుదురుతుందనేది) అని బట్టీ పట్టే సిద్ధాంతాలకి ఉదాహరణలు వాటంతటవే దొరుకుతాయి.

పరిశోధన వ్యాసాలుండే సైట్ జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదవొచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. డిసర్టేషన్ రాసేవాళ్ళకి బంగారం, మిగతావాళ్ళకి అంత అవసరం లేదు.

వార్తలకి బీబీసీ తెలుగు బాగుంటుంది, గాజా అయినా ఉక్రెయిన్ అయినా ముందు నేపథ్యం చెప్పి తర్వాత సంగతి చెప్తారు. సంసద్ టీవీలో పర్‌స్పెక్టివ్ చర్చలు నింపాదిగా సాగుతాయి, ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు అరవరు, అదే పెద్ద ఊరట. మన టీవీ డిబేట్ల గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఐఆర్ చదివేవాళ్ళకి యుద్ధం వీడియోలు చూడటం కూడా చదువులో భాగమే అనిపిస్తుంది, రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో బాంబులు చూసి పొద్దున రీడింగ్ హాల్లో కునికిపాట్లు. నోట్సుకి వీడియో అక్కర్లేదు, రాసిన వార్త చాలు. అయినా నిద్ర పట్టకపోయినా, పరీక్ష భయం మరీ పట్టుకున్నా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఊళ్ళో తెలిసిన డాక్టర్ దగ్గరికి పోతే ఎవరైనా చూస్తారేమో అనుకునేవాళ్ళకి ఇదే మంచి దారి.

మార్కులు వేయమంటే విదేశాంగ శాఖ సైట్‌కి 5కి 5, ఈజ్ఞానకోశ్‌కి 4, జేస్టోర్‌కి మూడున్నర. మాక్ టెస్టులకి మాత్రం పాత ప్రశ్నపత్రాలే దిక్కు, యూజీసీ నెట్ సైట్‌లోంచి దించుకుని టైమ్ పెట్టుకుని రాయండి.